నలుపు తెలుపు పట్టీల వెనుక: మెర్విల్ సి-47 రవాణా విమానం - ఒక వస్తు జీవితచరిత్ర

వ్యాససంగ్రహం

ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మెర్విల్ ఫిరంగి స్థావర ప్రదర్శనశాల ఉంది. దాని ఆవరణలో ఆరుబయట నిలిపి ఉంచిన డగ్లస్ సి-47 సైనిక రవాణా విమానం ఈ వ్యాసానికి విషయం. 'స్నాఫు స్పెషల్' అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ విమానం 1944 జూన్ నాటి సైనిక రూపంలో సందర్శకులకు దర్శనమిస్తుంది. అయితే అది అమెరికా, చెకోస్లోవేకియా, ఫ్రాన్స్, యుగోస్లావియా దేశాల సేవలో ఉండి, 1990లలో సారాయెవో సమీపంలో యుద్ధంలో దెబ్బతిన్నది. ఈ సుదీర్ఘ జీవితంలో ఒక్క రాత్రి మాత్రమే ప్రదర్శనార్హమైన రూపంగా ఎందుకు నిలిచింది, ఆ ఎంపిక వల్ల చరిత్ర రచనకు కలిగిన లాభనష్టాలేమిటి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సి-47, డకోటా, మెర్విల్, నార్మండీ, సారాయెవో, పునరుద్ధరణ, వస్తు జీవితచరిత్ర, ప్రదర్శనశాల.

1. ఉపోద్ఘాతం

చరిత్ర రచనకు శాసనం, నాణెం, తాళపత్రం ఎలా ఆధారాలో, ఆధునిక యుగానికి యంత్రాలు కూడా అలాగే ఆధారాలు. అయితే శాసనాన్ని చదివే పరిశోధకుడు ముందుగా అది మొదట ఉన్న చోటనే ఉందా, తర్వాతి కాలంలో ఎవరైనా అక్షరాలు చెక్కారా, పగిలిన భాగాన్ని ఎవరైనా పూరించారా అని ప్రశ్నించుకుంటాడు. ప్రదర్శనశాలలో నిలబడిన విమానం విషయంలో ఈ ప్రశ్నలు అరుదుగా వినిపిస్తాయి. మెరిసే రంగును, రెక్క కింద నిలిపిన ఫలకాన్ని చూసి సందర్శకుడు సంతృప్తి చెందుతాడు.

ఒక వస్తువుకు కూడా మనిషికి వలె జీవితచరిత్ర ఉంటుందని, అది చేతులు మారినప్పుడల్లా దాని విలువ, అర్థం మారుతుంటాయని మానవశాస్త్రవేత్త ఐగర్ కొపిటాఫ్ 1986లో ప్రతిపాదించారు. ఈ దృష్టితో చూసినప్పుడు మెర్విల్ విమానం అసాధారణమైన సాక్ష్యం. దాని జీవితంలో నాలుగు దేశాల సేవ, రెండు యుద్ధాలు ఉన్నాయి. దాన్ని వాడుకున్న దేశాల్లో రెండు నేడు ప్రపంచ పటం మీద లేవు.

2. విమానం: నిర్మాణం, ప్రయోజనం

సి-47 పుట్టుకతో యుద్ధ విమానం కాదు. దానికి మూలమైన డీసీ-3 ప్రయాణికుల విమానం 1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరింది. రాత్రి ప్రయాణాల్లో ప్రయాణికులు పడుకోవడానికి పడకలుండే విమానం కావాలని అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ కోరగా డగ్లస్ సంస్థ దీన్ని రూపొందించింది. యుద్ధం వచ్చాక ఇదే విమానానికి నేలను దృఢపరచి, ఎడమ పక్కన వెనుక భాగంలో వెడల్పాటి రెండు రెక్కల తలుపు అమర్చి సైనిక రవాణాకు అనువుగా మార్చారు. అదే సి-47. బ్రిటిష్ వైమానిక దళం దీనికి డకోటా అని పేరు పెట్టింది. మన దేశంలో స్థిరపడింది కూడా ఆ పేరే.

దీని రెక్కల విస్తీర్ణం సుమారు 29 మీటర్లు, పొడవు సుమారు 19.4 మీటర్లు. ఒక్కొక్కటి 1,200 అశ్వశక్తి గల రెండు ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు దీన్ని నడుపుతాయి. 28 మంది సైనికులను గాని, దాదాపు 2,700 కిలోల సరుకును గాని మోయగలదు. చదును చేసిన గడ్డి నేల మీద సైతం దిగగలదు. దేహం మీది తొడుగు అల్యూమినియం మిశ్రలోహపు రేకులు. దిశను మార్చే చుక్కాని వంటి కదిలే భాగాలకు మాత్రం గుడ్డ తొడుగు. రెక్క లోపలి భాగం అనేక గదులుగా విభజించి ఉండటం వల్ల బరువు ఒకే దూలం మీద పడక అంతటా పంచుకుపోతుంది. దశాబ్దాల పాటు ఈ విమానాలు ఎగురుతూ ఉండటానికి ఈ రెక్క నిర్మాణం ఒక ముఖ్య కారణం.

దీనికి తుపాకులు లేవు, కవచం లేదు. తూటా తగిలితే తనంత తాను మూసుకునే ఇంధన ట్యాంకులు కూడా నార్మండీకి వెళ్లిన సి-47లలో చాలా వాటికి లేవు. అయినా యుద్ధ విజయానికి అత్యవసరమైన సామగ్రిని పేర్కొన్నప్పుడు మిత్రరాజ్యాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ బుల్డోజరు, జీపు, ట్రక్కుల సరసన ఈ విమానాన్ని చేర్చారు. పోరాటం కోసం తయారుకాని వస్తువులే పోరాటాన్ని నడిపించాయన్నది ఆయన పరిశీలన సారాంశం. సైనిక అవసరాల కోసం ఈ విమానాలు పదివేలకు పైగా తయారయ్యాయి. ఇంత సంఖ్యలో ఉత్పత్తి కావడం వల్లనే యుద్ధానంతరం అవి ప్రపంచమంతటా వ్యాపించాయి.

3. 1944 జూన్: పట్టీల పుట్టుపూర్వోత్తరాలు

మెర్విల్ విమానం వరుస సంఖ్య 43-15073. ఇందులో మొదటి రెండంకెలు 1943 ఆర్థిక సంవత్సరపు కొనుగోలును సూచిస్తాయి. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ కర్మాగారంలో తయారైన ఈ విమానం, అమెరికా సైనిక వైమానిక దళపు 440వ ట్రూప్ క్యారియర్ గ్రూపులోని 95వ స్క్వాడ్రన్‌లో చేరింది. ముక్కు భాగం మీద రాసుకున్న 'స్నాఫు' అన్న మాట సైనికుల యాసలోది. పరిస్థితి మామూలుగానే ఉంది, అంటే అంతా అస్తవ్యస్తంగా ఉంది అన్న వెటకారానికి అది మొరటు సంక్షిప్త రూపం.

1944 జూన్ 5 రాత్రి ఈ గ్రూపు ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ నుంచి బయలుదేరింది. 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌కు చెందిన 506వ రెజిమెంటు మూడవ బెటాలియన్‌ను కోటంటిన్ ద్వీపకల్పంలో, కారెంటాన్ పట్టణానికి ఉత్తరంగా దింపడం దానికి అప్పగించిన పని. దూవ్ నది మీది రెండు చెక్క వంతెనలను పట్టుకోవడం ఆ బెటాలియన్ లక్ష్యం. ఆ రాత్రి 800కు పైగా విమానాలు 13,000 మందికి పైగా అమెరికన్ పారాచూట్ సైనికులను నార్మండీకి చేర్చాయి. తీరం దాటగానే మేఘాలు కమ్ముకోవడం, నేల మీది నుంచి కాల్పులు మొదలవడం వల్ల విమానాల వరుసలు చెదిరిపోయాయి. 506వ రెజిమెంటు దిగవలసిన మైదానం దగ్గర జర్మన్లు ముందే కాపు వేశారు. నూనెతో తడిపి ఉంచిన ఒక భవనానికి నిప్పుపెట్టి, ఆ వెలుగులో గాలిలో వేలాడుతున్న సైనికులను కాల్చారు.

నేడు విమానం మీద సందర్శకుల కంటికి మొదట కనిపించే నలుపు తెలుపు పట్టీలకు ఈ రాత్రికి ముందున్న ఒక విషాదం కారణం. 1943 జూలై 11 రాత్రి సిసిలీకి సైనికులను చేరవేస్తున్న 144 అమెరికన్ రవాణా విమానాలను శత్రు విమానాలుగా భ్రమించి మిత్రరాజ్యాల సేనలే కాల్చాయి. 23 విమానాలు కూలిపోయాయి, 37 దెబ్బతిన్నాయి. అటువంటి పొరపాటు మళ్లీ జరగకుండా మిత్రరాజ్యాల విమానాల్లో చాలా వాటి రెక్కల మీద, దేహం మీద మూడు తెలుపు, రెండు నలుపు పట్టీలు వేయాలని నిర్ణయించారు. రెండు ఇంజన్ల విమానాలకు ఒక్కొక్క పట్టీ వెడల్పు 24 అంగుళాలు. రహస్యం బయటపడకూడదన్న ఉద్దేశంతో ఆఖరి రోజుల వరకు ఆజ్ఞ జారీ కాలేదు. జారీ అయ్యాక సిబ్బంది చేతికి దొరికిన కుంచెతో, చీపురుతో హడావుడిగా పూశారు. తర్వాతి నెలల్లో పై భాగం పట్టీలను తుడిచివేయమని ఆదేశాలు వచ్చాయి. కాబట్టి ఈ పట్టీలు తమవారి కాల్పుల నుంచి తమను కాపాడుకోవడానికి వేసుకున్న తాత్కాలిక గుర్తులు. ఆ అస్థిర చిహ్నమే ఈనాడు ప్రదర్శనశాలల్లో శాశ్వత అలంకారమైంది.

నార్మండీ తర్వాత 440వ గ్రూపు దక్షిణ ఫ్రాన్స్, హాలండ్, బాస్టోన్ సరఫరాలు, రైన్ నది దాటే దాడి వంటి ప్రధాన వైమానిక చర్యల్లో పాల్గొన్నది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దళానికి చెందిన చరిత్ర, ఆ దళంలోని ప్రతి విమానం చరిత్ర ఒకటి కావు. ఏ రోజు ఏ విమానం ఎగిరిందో దినచర్య పత్రాల్లో తేలినప్పుడే దాన్ని ఆ విమానానికి ఆపాదించాలి.

4. మెర్విల్: స్థలానికీ వస్తువుకూ మధ్య దూరం

మెర్విల్ ఫిరంగి స్థావరం ఓర్న్ నది ముఖద్వారానికి తూర్పున ఉంది. బ్రిటిష్ సేనలు దిగనున్న స్వోర్డ్ తీరాన్ని కాల్చగల పెద్ద ఫిరంగులు ఇక్కడి నాలుగు కాంక్రీటు బంకర్లలో ఉన్నాయని మిత్రరాజ్యాలు అంచనా వేశాయి. లెఫ్టినెంట్ కర్నల్ టెరెన్స్ ఆట్వే నాయకత్వంలోని బ్రిటిష్ 9వ పారాచూట్ బెటాలియన్‌కు దాన్ని పట్టుకునే బాధ్యత అప్పగించారు. ఆరువందలకు పైగా సైనికుల్లో సమయానికి ఆయన దగ్గరకు చేరింది దాదాపు 150 మంది. ఆ కొద్దిమందితోనే దాడి చేసి స్థావరాన్ని పట్టుకున్నారు. వారిలో దాదాపు సగం మంది మరణించడమో గాయపడటమో జరిగింది. లోపల దొరికినవి ఊహించిన 150 మిల్లీమీటర్ల ఫిరంగులు కావు. చెక్ దేశంలో తయారైన 100 మిల్లీమీటర్ల పాత ఫిరంగులు.

ఈ నేల బ్రిటిష్ సైనికుల త్యాగానికి చెందినది. 'స్నాఫు స్పెషల్' మోసుకొచ్చింది అమెరికన్ సైనికులను. ఆ గ్రూపు లక్ష్యమైన మైదానానికీ మెర్విల్‌కూ మధ్య దాదాపు 75 కిలోమీటర్ల దూరం ఉంది. విమానం నిజమైనది, రాత్రి నిజమైనది, స్థలం మాత్రం వేరు. మెర్విల్ మీద దాడి చేసినవారిలో చాలామందిని బ్రిటిష్ వైమానిక దళపు డకోటాలే తీసుకువచ్చాయి కనుక విమాన జాతి రీత్యా ఈ అమరిక సమంజసమే. అయితే జాతిసామ్యం వేరు, ఒక వస్తువు ప్రత్యేక చరిత్ర వేరు అన్న తేడా చూపరికి తెలియాలి.

5. యుద్ధానంతర జీవితం: తెరకు అవతలి వైపు

యుద్ధం ముగిశాక మిగులు సి-47లు చవకగా అమ్ముడయ్యాయి. అనేక దేశాల పౌర విమానయానం ఈ మిగులు సరుకు మీదనే నిలబడింది. బేగంపేట కేంద్రంగా హైదరాబాద్ సంస్థానంలో నడిచి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైన దక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి కూడా డకోటాలే. 43-15073 సంఖ్య గల విమానం ఇదే దారిలో చెకోస్లోవేకియా విమానయాన సంస్థకు చేరింది. మెర్విల్ బంకర్లలోని ఫిరంగులు ఏ దేశంలో తయారయ్యాయో, ఆ దేశపు ప్రయాణికులనే ఈ విమానం మోయవలసి వచ్చింది.

1948 ఫిబ్రవరిలో చెకోస్లోవేకియాలో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చారు. ఆ జూన్‌లో బెర్లిన్ దిగ్బంధం మొదలైంది. అమెరికా, బ్రిటన్‌లు బెర్లిన్ ప్రజలకు ఆహారం, బొగ్గు చేరవేయడానికి తొలి వారాల్లో ప్రధానంగా వాడినవి సి-47లు, డకోటాలే. ఒకే కర్మాగారంలో పుట్టిన విమానాలు ఇప్పుడు రెండు శిబిరాల్లో ఎగురుతున్నాయి. 1950 మార్చి 24న చెకోస్లోవేకియా సంస్థకు చెందిన మూడు డకోటాలను కొందరు పైలట్లు పశ్చిమ జర్మనీలోని ఎర్డింగ్‌కు మళ్లించారు. స్వేచ్ఛ కోరిన కొందరికి అది విముక్తి. తమకు తెలియకుండానే సరిహద్దు దాటిన తోటి ప్రయాణికులకు అది అపహరణ. ఈ విమాన జాతి ప్రచ్ఛన్న యుద్ధపు సామాన్య జీవితంలో ఎంత లోతుగా పెనవేసుకుపోయిందో ఈ ఘటన చెబుతుంది.

తర్వాత ఈ విమానం ఫ్రెంచి వైమానిక దళానికి, అక్కడి నుంచి యుగోస్లావియా వైమానిక దళానికి చేరింది. ఏ కూటమిలోనూ చేరని యుగోస్లావియా ఇరుపక్షాల నుంచీ సామగ్రి కొనుగోలు చేసేది. ఆ విధాన ఫలితమే ఈ చివరి బదిలీ.

6. సారాయెవో: రెండవ యుద్ధం

1992లో బోస్నియా యుద్ధం ఆరంభమైంది. సారాయెవో ముట్టడి 1996 వరకు కొనసాగింది. ఈ పోరులో, నేల మీద నిలిచి ఉన్న ఈ వృద్ధ విమానం తూటాలకు దెబ్బతిన్నది. అదే కాలంలో, 1992 జూలై నుంచి 1996 జనవరి వరకు, ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో రవాణా విమానాలు సారాయెవో విమానాశ్రయానికి ఆహారం, మందులు చేరవేశాయి. కాలావధిలో అది బెర్లిన్ రవాణాను కూడా మించింది. నగరాన్ని బతికించడానికి కొత్త రవాణా విమానాలు దిగుతుండగా, యూరప్‌ను విముక్తం చేసిన పాత రవాణా విమానం ఆ నగరం పక్కనే తుక్కుగా పడి ఉన్నది.

ఈ తూటా రంధ్రాలు కూడా చారిత్రకాధారాలే. 1944 విమానం యూరప్ విముక్తికి గుర్తు అయితే, 1990ల రంధ్రాలు ఆ విముక్తి తర్వాత అర్ధశతాబ్దానికి అదే ఖండంలో జరిగిన నరమేధానికి గుర్తు. ఒకే లోహపు తొడుగు మీద ఈ రెండు సాక్ష్యాలూ కలిసి ఉండటం అత్యంత అరుదు.

7. పునరుద్ధరణ: ఏ కాలానికి?

2007లో మెర్విల్ ప్రదర్శనశాల వారు ఈ విమానం సంగతి తెలుసుకుని, వరుస సంఖ్య ద్వారా దాని పూర్వచరిత్రను గుర్తించారు. భాగాలను విడదీసి నార్మండీకి తరలించి, మరమ్మతు చేసి, 1944 నాటి రంగులు వేసి, 2008 జూన్‌లో ఆవిష్కరించారు. దీనిలోని సేవ నిర్వివాదం. వారు పూనుకోకపోతే విమానం తుక్కుగా కరిగిపోయేది.

పునరుద్ధరణ కృత్రిమ చరిత్రను సృష్టించరాదని, వస్తువు మీద కాలం వదిలిన జాడలను పూర్తిగా చెరిపివేయరాదని ఇటలీ సిద్ధాంతకర్త చేసారే బ్రాండీ 1963లో సూత్రీకరించారు. ఈ సూత్రాన్ని విమానానికి అన్వయించడం తేలిక కాదు. ఆరుబయటి ప్రదర్శనలో రంగుకు రెండు విధులున్నాయి: ఒకటి గతాన్ని చూపడం, రెండవది లోహాన్ని కాపాడటం. సముద్రపు గాలిలోని ఉప్పు, వాన, ఎండ అల్యూమినియం రేకుల అతుకుల్లో, రివెట్ల చుట్టూ తుప్పు పుట్టిస్తాయి. గుడ్డ తొడుగుల మీద వాటి ప్రభావం మరీ త్వరగా కనిపిస్తుంది. కాబట్టి కొన్నేళ్లకొకసారి రంగు వేయక తప్పదు. తూటా రంధ్రాలను అలాగే వదిలితే నీరు లోపలికి చేరి అస్థిపంజరాన్ని తినేస్తుంది. విమానం బతకడానికి గాయాలను పూడ్చవలసిందే.

అయితే ఏ రంగు వేయాలన్నది సంరక్షణ అవసరం నిర్ణయించేది కాదు. చెకోస్లోవేకియా ప్రయాణికుల విమానపు రంగు వేసినా లోహానికి అంతే రక్షణ. 1944ను ఎంచుకోవడానికి కారణం స్మృతికి వారసులు ఉండటమే. నార్మండీ దాడికి ఏటా జూన్‌లో ఉత్సవాలున్నాయి, యోధుల కుటుంబాలున్నాయి, సందర్శకులున్నారు. చెకోస్లోవేకియా 1993 జనవరి 1న రెండుగా విడిపోయింది. యుగోస్లావియా ముక్కలైంది. ఆ రెండు జీవితదశలను తమదిగా చెప్పుకునే రాజ్యమే నేడు లేదు. ఫలకంలో, పుస్తకంలో ఆ దశలను వాక్యాల్లో చెప్పవచ్చు గాని, చూపరి కంటికి ఆనే రూపం మాత్రం ఒకటే.

మరో వైపు ఇది కూడా గమనార్హం: ఆ ఒక్క రాత్రి లేకపోతే మిగిలిన అయిదు దశాబ్దాలు కూడా దక్కేవి కావు. చెకోస్లోవేకియా జీవితం, యుగోస్లావియా జీవితం, సారాయెవో గాయాలు ఈనాడు చర్చకు అందుతున్నాయంటే, 1944 కీర్తి ఆ లోహాన్ని కొలిమి నుంచి కాపాడినందువల్లనే. కప్పిన స్మృతే కాపాడిన స్మృతి కూడా.

8. ఒక భారతీయ పోలిక

భారత వైమానిక దళం వద్ద 'పరశురామ' అనే డకోటా ఉంది. తుక్కుగా పడి ఉన్న విమానాన్ని రాజీవ్ చంద్రశేఖర్ కొని, బ్రిటన్‌లో మరమ్మతు చేయించి, 2018లో దళానికి బహూకరించారు. ఆయన తండ్రి డకోటా పైలట్. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు మొదటి బెటాలియన్ సైనికులతో శ్రీనగర్‌లో దిగిన తొలి డకోటా సంఖ్య వీపీ 905. ఆ సంఖ్యనే పరశురామకు వేశారు.

రెండు సందర్భాలనూ పక్కపక్కన ఉంచి చూస్తే తేడా స్పష్టమవుతుంది. మెర్విల్‌లో సంఖ్య విమానానికి సొంతం, స్థలం అరువు. పరశురామకు దేశం, దళం సొంతం, సంఖ్య అరువు. మొదటిది అవశేషం, రెండవది, ఎగిరే స్థితిలో ఉన్న స్మారకం. రెండూ గౌరవించదగినవే అయినా ఆధారంగా వాటి బరువు ఒకటి కాదు. శ్రీనగర్ ఘటనకు పరశురామ దేహాన్ని సాక్ష్యంగా వాడలేము. నార్మండీ రాత్రికి స్నాఫు స్పెషల్ దేహాన్ని వాడగలము.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

- ప్రదర్శిత విమానంలో లోహం, సంఖ్య, రంగు, స్థలం అన్న నాలుగు అంశాలు నాలుగు వేర్వేరు కాలాలకు చెంది ఉండవచ్చు. పరిశోధకుడు ప్రతిదాన్నీ విడిగా పరీక్షించాలి.
- మెర్విల్ విమానం మీది నలుపు తెలుపు పట్టీలు మూలంలో తాత్కాలిక రక్షణ చిహ్నాలు. వాటి శాశ్వతత్వం ప్రదర్శన కల్పించినది.
- దళం చరిత్రను విమానం చరిత్రగా స్వీకరించే ముందు ప్రత్యేకాధారం అవసరం.
- వారసులున్న స్మృతి రూపం పొందుతుంది. వారసులు లేని స్మృతి ఫలకానికి పరిమితమవుతుంది. అంతరించిన రాజ్యాల చరిత్ర రాసేవారు ఈ అసమానతను గుర్తించాలి.
- మరమ్మతుకు ముందు దశను ఛాయాచిత్రాలతో, కొలతలతో నమోదు చేయడం, తొలగించిన రేకుల్లో ఒకదాన్నైనా భద్రపరచి పక్కన ప్రదర్శించడం ద్వారా సంరక్షణకూ సత్యానికీ మధ్య సమన్వయం సాధ్యమవుతుంది.

మన దేశంలో కూడా విమానాలు, రైలు ఇంజన్లు, యుద్ధ ట్యాంకులు కూడళ్లలోను, కళాశాల ఆవరణల్లోను ఆరుబయట నిలిచి ఉన్నాయి. ప్రతి రంగు వేతలోను వాటి పాత సంఖ్యలు, గుర్తులు, గాయాలు కొంత కొంత మాసిపోతున్నాయి. వాటి తయారీ ఫలకాలను, వరుస సంఖ్యలను, మరమ్మతుల జాడలను ఇప్పుడే నమోదు చేయడం స్థానిక చరిత్రకారులకు, విశ్వవిద్యాలయ శాఖలకు సాధ్యమైన పని. తర్వాతి పూతకు ముందే అది జరగాలి.